కుడిచేతి గోడ

గంట మోగి చాలాసేపైంది. అది మోగినప్పుడు ఆమె హమ్మయ్య అనుకుని బెంచీ మీద వెనక్కి వాలింది. నాన్న చిక్కుదారి మధ్యకి చేరాడు, సగం పని అయిపోయింది, ఇక బయటికి రావడమే కదా అనుకుంది. ఆకుగోడల నడుమ ఎక్కడో కనపడని చోట ఇనుప స్తంభానికి కట్టిన ఆ గంటని లోపలికి వెళ్ళినవాళ్ళంతా ఒకసారి మోగిస్తారట, గెలిచామని బయటివాళ్ళకి తెలియడానికి. నాన్న ఒకసారితో ఊరుకున్నాడా, బడి వదిలేసినట్టు చెయ్యి నొప్పి పుట్టేదాకా మోగించాడు. ఆ మోతకి ఆమెకి నవ్వొచ్చింది కూడా. ఆ నవ్వు ఎప్పుడు ఆరిపోయిందో తెలియదు. ఎండ బెంచీ ఈ చివర నుంచి ఆ చివరకి జరిగింది, దాన్ని తప్పించుకుంటూ ఆమె కూడా జరిగింది, ఒళ్ళో సంచీ, సంచీలో నాన్న ఫోను, నాన్న మడతకర్ర, నాన్న బిస్కెట్ల పొట్లం, అన్నీ ఉన్నాయి, నాన్న ఒక్కడే లేడు. లోపలి నుంచి ఏ అలికిడీ లేదు. కాదు, ఉంది. కంకర మీద చెప్పు ఈడుస్తున్న చప్పుడు, ఎడమకాలిది, ఆయనదే, కాస్త దగ్గరికొచ్చి, ఆ మూల దాకా వచ్చి, మళ్ళీ దూరమైపోయింది. నడుస్తున్నాడు. నడుస్తున్నంతసేపు ఫర్వాలేదని తనకి తనే చెప్పుకుంది.

అసలు పంపకూడదు. ఆ మాట ఎవరైనా అంటారు. పొద్దున షుగర్ బిళ్ళ వేసుకుని, మధ్యాహ్నం అన్నం ముట్టని మనిషిని, చూపు పోయిన మనిషిని, నిలువెత్తు ఆకుగోడల మధ్యకి ఒంటరిగా తోలి, తను బయట దర్జాగా కూర్చున్న కూతుర్ని ఏమంటారో ఆమెకి తెలుసు. తమ్ముడు ఫోన్లో అననే అన్నాడు, నీకేమైనా మతి పోయిందా అక్కా అని. మతేం పోలేదు. నాన్నకి పక్కచూపు పోయింది ముందు, గ్లాకోమా అన్నారు, తర్వాత కిందిచూపు పోయింది, గొట్టంలోంచి చూస్తున్నట్టుందనేవాడు, నీళ్ళ శాఖలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ పైపుల పటాలు గీసినందుకు దేవుడు గొట్టంలోంచే చూడమన్నాడని తన మీద తనే జోకు వేసుకునేవాడు, ఈ ఏడాది ఆ గొట్టం కూడా మూసుకుపోయింది, వెలుగూ నీడా తప్ప ఇంకేం తెలియదు. జోకులు తగ్గాయి. ఉత్తరాన చలి సముద్రంలో ఒక దీవి ఉందిట, ఒడ్డున బెస్తవాళ్ళు ఎప్పుడో చుట్లుచుట్లుగా రాళ్ళు పేర్చి చేసిన దారి ఒకటి ఉందిట, వేటకి పోయేముందు అందులో మధ్యదాకా నడిచి ఒక్క పరుగున బయటికి దూకేవాళ్ళట, వెంటబడిన చెడుగాలి లోపలే చిక్కుకుపోవాలని. చూడాల్సినవాటిలో అదొక్కటే మిగిలిపోయింది నాన్నకి. చూడాల్సింది అంటాడు ఇప్పటికీ, ఆ మాట మార్చడు. అక్కడికి ఒక్కణ్ణే వెళ్తానన్నాడు, ఓడ దిగాక అక్కడి మ్యూజియం ఆవిడ వచ్చి తీసుకెళ్తుంది, మాట్లాడుకున్నాను అన్నాడు. ఇల్లంతా లేచింది. తమ్ముడు అరిచాడు, ఆమె భర్త నచ్చజెప్పాడు, ఆమె ఏడ్చింది. అప్పుడు నాన్న బేరం పెట్టాడు.

"ఆ తోటలో చిక్కుదారి ఉంది కదా. అందులోంచి నా అంతట నేను బయటికొస్తే దీవికి ఒక్కణ్ణే వెళ్తాను. ఎవరైనా వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకురావాల్సొస్తే ఇక ఆ మాటెత్తను. నువ్వెక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంటాను."

సరేనంది. ఎందుకు సరేనంది? ఓడిపోతాడని. మనసులో మాట చెప్పుకోవాలంటే అంతే మరి, ఇక్కడ బెంచీ మీద ఎవరు వింటారు గనక. ఓడిపోతే కాస్త చిన్నబుచ్చుకుంటాడు, రెండు రోజులు మాట్లాడడు, తర్వాత తమ వరండాలో కుర్చీ వేసుకుని రేడియో పెట్టుకుంటాడు, తను కట్టుడుపళ్ళు చేసే ల్యాబు నుంచి సాయంత్రం వచ్చేసరికి అక్కడే ఉంటాడు, ఉన్నాడు అని తెలిసి ఉండటం ఎంత హాయి. ఇప్పుడా హాయి తలుచుకుంటే ఒళ్ళు జలదరించింది. తను కోరుకున్నది ఓటమి, ఇంత ఆలస్యం కాదు, ఈ ఎండ కాదు, షుగర్ పడిపోతే ముందు చెమటలు పడతాయి, తర్వాత మాట తడబడుతుంది, తర్వాత ఎక్కడున్నాడో తెలియదు. అసలే ఎక్కడున్నాడో తెలియని చోటికి పంపింది. బిస్కెట్ల పొట్లం జేబులో పెట్టుకోమంటే వద్దన్నాడు, బయటికొచ్చి తింటానన్నాడు, మొండి. ఈ మొండితనం ఎవరిదని అడిగితే ఇంట్లో అందరూ ఆమె వైపే చూస్తారు, అదో గోల.

చప్పుడు మళ్ళీ వచ్చింది. ఎడమచెప్పు. మూల దాకా వచ్చి మళ్ళింది. ఆమె లేచి గోడ పక్కనే నడిచింది, వినడానికి. ఇటువైపు నుంచి చూస్తే దట్టమైన ఆకు తప్ప ఏమీ కనిపించదు, లోపలి దారులు లోపలివాళ్ళకే. అయినా ఇందులో దాచిందేముంది, పటం ఆమెకి కంఠతా వచ్చు. మొన్న భోజనాల బల్ల దగ్గర నాన్న అరచేతిని తిప్పి పట్టుకుని, చూపుడువేలితో ఆ పటమంతా గీసింది, ఇక్కడ ద్వారం, ఇక్కడ కుడికి, ఇక్కడ మూసుకుపోతుంది, వెనక్కి రావాలి, ఇక్కడ గంట. నాన్న కళ్ళు మూసుకుని, మూసుకోకపోయినా ఒకటే గానీ అలవాటు, మళ్ళీ గియ్యి అన్నాడు, మళ్ళీ గీసింది, చక్కిలిగింతలు పుడుతున్నాయే అని నవ్వాడు. ఆయన తెలుసుకోవాలనుకున్నది ఒక్కటే. గోడలన్నీ ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయా లేదా. అంటుకుని ఉంటే ఇక కళ్ళతో పనిలేదు, కుడిచెయ్యి గోడకి ఆనించి, ఏం వచ్చినా తియ్యకుండా నడుచుకుపోతే, ఎంత చిక్కుదారైనా అటు తిప్పి ఇటు తిప్పి చివరికి తెచ్చి ద్వారం దగ్గర వదిలిపెడుతుంది. ఎక్కడైనా ఒక్క గోడ విడిగా నిలబడిందా, దాని మీద చెయ్యి వేసినవాడి పని అంతే, దాని చుట్టూనే తిరుగుతాడు, గానుగెద్దులా. ఇక్కడ విడి గోడ ఒక్కటీ లేదని తేలాకే నాన్న బయల్దేరాడు. ఏదీ ఊరికే చెయ్యడు ఆయన.

చిన్నప్పుడు అందరి నాన్నలూ సముద్రానికి తీసుకెళ్తే ఈ నాన్న దారులు చూపించడానికి తీసుకెళ్ళేవాడు. రెండు రకాలమ్మా, అనేవాడు, చుట్టుదారీ చిక్కుదారీ. చుట్టుదారిలో దారి ఒకటే, చీలదు, ఎంత తిప్పినా నడుస్తూ పోతే మధ్యకి చేరతావు, తప్పిపోదామన్నా తప్పిపోలేవు. చిక్కుదారి అలా కాదు, అడుగడుక్కీ అడుగుతుంది, ఇటా అటా అని. ఏ దేశానికి టికెట్ చవగ్గా దొరికితే ఆ దేశంలో వెతికేవాడు. పెద్ద ప్రార్థనామందిరం నేల మీద రాతిలో పొదిగిన చుట్టుదారి ఒకటి, దాని మీద కుర్చీలు వేసేసి ఉన్నాయి, కాపలా మనిషిని బతిమాలి నాన్నా అమ్మా తనూ తమ్ముడూ కలిసి కుర్చీలన్నీ పక్కకి జరిపారు, మళ్ళీ సర్దారు, నడిచింది కాసేపు, సర్దింది గంటలు. గడ్డిలో కోసిన దారి ఒకటి, వర్షంలో, అమ్మ గొడుగు తిరగబడి. కొండరాయి మీద అరచేతి వెడల్పున చెక్కింది ఒకటి, దాన్ని కాళ్ళతో నడవలేరు, వేలితో నడవాలి, నాన్న ఆ రాయి ముందు మోకాళ్ళ మీద కూర్చుని వేలితో వెళ్ళి వేలితో వచ్చాడు, అమ్మ పక్కకి తిరిగి నవ్వుకుంది. అద్దాల చిక్కుదారి ఒకటి, దుకాణాల భవనం పై అంతస్తులో, తమ్ముడు తన బొమ్మకే దణ్ణం పెట్టి దారి ఇవ్వమన్నాడు. ఆసుపత్రి ఆవరణలో నీలంరంగుతో గీసింది ఒకటి, అమ్మని అందులో చేర్చినప్పుడు, నాన్న ఒక్కడే అందులో నడుస్తుండగా ఆమె రెండో అంతస్తు కిటికీలోంచి చూసింది, తలొంచుకుని నడుస్తూనే ఉన్నాడు, అది చుట్టుదారి, ఎంతకీ తప్పిపోలేని దారి, తప్పిపోవాలనుందేమో ఆయనకి ఆవేళ. అక్కణ్ణుంచి పిలుద్దామనుకుంది. పిలవలేదు. పిలవకూడదు, అదీ ఇంటి నియమం, లోపలికి వెళ్ళినవాణ్ణి బయటివాళ్ళు పిలవకూడదు.

ఆ నియమం ఎందుకో నాన్న ఒకసారి చెప్పాడు, గోడల మధ్య గొంతు నాలుగువైపుల నుంచీ వినిపిస్తుంది, అది నమ్ముకుని నడిచావో చెయ్యి గోడ వదిలేస్తుంది, అంతే సంగతులు. అదొక కారణం. ఇంకో కారణం చెప్పలేదు గానీ ఆమెకి తెలుసు, పిలిస్తే వెళ్ళినవాడు నీవాడైపోతాడు, తనవాడు కాకుండా పోతాడు. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఇలాంటి ఆకుగోడల్లోనే దారి తప్పి ఏడ్చింది, గొంతు పోయేలా నాన్నా నాన్నా అంది, ఎవరూ పలకలేదు. ఏడ్చి ఏడ్చి కిందికి చూస్తే గోడ అడుగున మొక్కల మొదళ్ళ సందులోంచి నాన్న బూట్లు కనిపించాయి. అక్కడే ఉన్నాడు. అటువైపు నిలబడి వింటున్నాడు, పలకడు. ఎంత కోపం వచ్చిందో అప్పుడు, ఇప్పుడు కూడా ఆ కోపం ఎక్కడో అట్టడుగున ఉంది, పూర్తిగా పోలేదు. కానీ ఆ బూట్లు చూశాక ఏడుపు మాత్రం ఆగింది. లేచి తనే దారి వెతుక్కుంది. ఆయన మంచి చేశాడో చెడు చేశాడో ఇన్నేళ్ళకీ తేల్చుకోలేకపోయింది.

సంచీలో ఫోను మోగింది. నాన్నది. తమ్ముడు. ఎత్తితే ఏం చెప్పాలి, నాన్నకివ్వు అంటాడు. మోగి మోగి ఆగింది. ఆ వెంటనే తన ఫోను మోగింది, అదీ వాడే. మోగనిచ్చింది. ఇంతలో ఎడమచెప్పు మళ్ళీ మూల దాకా వచ్చింది, మళ్ళింది. ఇప్పుడు మాత్రం ఆమెకి ఏదో తట్టింది. ఇదే మూల. ఇందాకా ఇదే మూల, అంతకుముందూ ఇదే. ద్వారం వైపు వస్తున్న మనిషైతే చప్పుడు ఇటు జరుగుతూ రావాలి కదా, ఒకచోటికే ఎందుకొస్తోంది? అలిసిపోయి అక్కడక్కడే తచ్చాడుతున్నాడా, గోడ వదిలేశాడా, షుగరా? అడుగు మాత్రం సమంగానే ఉంది. వస్తోంది, పోతోంది, వస్తోంది. గానుగ.

అప్పుడు తోటమాలి ఒంటిచక్రం బండి తోసుకుంటూ పక్కనున్న చిన్న ఇనుప తలుపులోంచి బయటికొచ్చాడు, అది పనివాళ్ళు మాత్రమే వాడే తలుపు. బండిలో నిలువెత్తు ఎండిన మొక్క, వేళ్ళతో సహా, మట్టి రాలుస్తూ. ఆమెని చూసి పలకరింపుగా నవ్వాడు, మొండి వేరండీ, ఒకపట్టాన రాలేదు అన్నాడు. ఆ మొక్క కేసి చూస్తూ ఆమె నిలబడిపోయింది. ఇందాక, గంట మోగాక, ఈయనే వచ్చి అడిగాడు కదా, లోపల ఎండిపోయిన మొక్క ఒకటుంది, తవ్వి తీసెయ్యాలి, మీ నాన్నగారు లోపలున్నారు, ఆగమంటారా అని. ఫర్వాలేదండీ, ఆయనకేం అడ్డం కాదు, మీ పని కానివ్వండి అంది. తనే అంది. పలుగు చప్పుడుకి నాన్న ఉలిక్కిపడతాడేమో అని మాత్రం ఆలోచించింది, అంతకుమించి బుర్రకి తట్టలేదు, పటాలు చూసి చూసి పాడైపోయిన బుర్ర, పటంలో గోడలుంటాయి, మొక్కలుండవు. గోడ అంటే మొక్కలే కదా! ఒక్క మొక్క తీస్తే అక్కడ గోడ తెగుతుంది, తెగిన ముక్క విడిగా నిలబడుతుంది, నాన్న కుడిచెయ్యి ఆ ముక్క మీదే ఉంది. తెగిన కొస చుట్టూ తిరిగి, వెనకవైపు నుంచి వచ్చి, మళ్ళీ తెగిన కొస. చెయ్యి తియ్యడు. ఏం వచ్చినా తియ్యడు. అలా తియ్యకపోవడమే ఆయనకున్న ఒకే దారి.

ఎక్కణ్ణుంచి తీశారని అడిగింది. తోటమాలి చేత్తో చూపించాడు, ఆ మూలే. ఆమె మొహం చూసి ఆయన కంగారుపడ్డాడు. విషయం చెప్పేసరికి బండి అక్కడే వదిలేసి, అయ్యో, నేను వెళ్ళి తీసుకొచ్చేస్తానమ్మా, రెండు నిమిషాలు అన్నాడు. వద్దు అంది. ఆ వద్దు తన నోట్లోంచి ఎందుకొచ్చిందో తనకే తెలియలేదు. తీసుకురమ్మంటే అయిపోతుంది. తనే గోడ పక్కన నిలబడి నాన్నా, చెయ్యి తీసెయ్యి, నువ్వు తెగిన గోడ చుట్టూ తిరుగుతున్నావు అంటే అయిపోతుంది. నమ్ముతాడా? బేరం గెలవడానికి అన్నానంటాడు, పైకి అనడు, అనుకుంటాడు. నమ్మాడే అనుకో, చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చిన మనిషవుతాడు, మాట మీద నిలబడే మనిషి, ఇక దీవి మాటెత్తడు. వరండాలో కుర్చీ, రేడియో. తను కోరుకున్నదంతా ఒక్క పిలుపు దూరంలో ఉంది, అదీ న్యాయంగానే, ఎవరూ తప్పు పట్టరు, తమ్ముడైతే శభాష్ అంటాడు. పిలవకపోతే? ఈ ఎండలో ఇంకెన్ని చుట్లు తిరుగుతాడు? ఎక్కడ కూలబడతాడు? పిలవనా? పెదవుల దాకా వచ్చిన పిలుపుని పళ్ళ మధ్య పట్టుకుంది. అటు నుంచి అడుగుల చప్పుడు వచ్చింది, ఈసారి అడుగు మునుపటంత సమంగా లేదు, మధ్యలో ఒకసారి ఆగింది. ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ కదిలింది.

ల్యాబులో ఆమె చేసేది అదే పని, పోయిన పన్ను చోట పన్ను పెట్టడం. ఒక పన్ను ఊడితే పక్కపళ్ళు ఆ సందులోకి ఒరిగిపోతాయి, అటూ ఇటూ ఉన్న పళ్ళనే ఆసరా చేసుకుని మధ్యలో ఒకటి నిలబెడితే నాలికకి తేడా తెలియకూడదు. నాలిక కన్నా మొండిది లేదు, వెంట్రుకంత తేడా కూడా పట్టేస్తుంది, పట్టిందా డాక్టరు వెనక్కి పంపేస్తాడు. బండిలో పన్ను ఉంది. వేళ్ళతో సహా ఉంది. ఆమె తోటమాలితో నెమ్మదిగా చెప్పింది, దాన్ని తీసుకెళ్ళి ఉన్నచోట నిలబెడదాం అని. ఆయనకి అర్థం కాలేదు. ఎండిపోయిందమ్మా, నిలబడదు, గుంటలో మట్టి అంతా గుల్లగా ఉంది అన్నాడు. నేను పట్టుకుంటాను అంది. ఈ ఇంటిల్లిపాదికీ పిచ్చేమో అన్నట్టు చూశాడు గానీ, వయసు మళ్ళినవాడు, తనకీ ఒక తండ్రి ఉండే ఉంటాడు, మారుమాట్లాడకుండా మొక్కకి ఒక కొస ఎత్తాడు.

చెప్పులు విప్పేసింది. కంకర పాదాలకి గుచ్చుకుంటోంది, గుచ్చుకోనీ. ఇనుప తలుపులోంచి లోపలికి, ఒకటి రెండు మలుపులు, ఆకు వాసన, మట్టి వాసన, మోస్తున్న కొమ్మలు మెడకి గీసుకుంటున్నాయి. సందు కనిపించింది. మనిషి పట్టేంత సందు, అంత చిన్నది, దాని పక్కన కొత్తగా తవ్విన మట్టి. అటువైపు నుంచి నాన్న వస్తున్నాడు. తోటమాలీ ఆమే మొక్కని పట్టుకుని మలుపు చాటున నిలబడ్డారు, పెళ్ళివారింట్లో నక్కిన దొంగల్లా, ఊపిరి బిగబట్టి. నాన్న తెగిన కొస దగ్గరికొచ్చాడు. చొక్కా ఒంటికి అంటుకుపోయింది. కుడిచెయ్యి ఆకుల మీద, ఎడమచెయ్యి గాలిలో ముందుకి చాచి. కొస తడిమాడు. ఇంకోసారి తడిమాడు. ఏదో గొణుక్కున్నాడు, ఆమెకి వినిపించింది, లెక్క వేసుకుంటున్నాడు, కుడి, కుడి, మూత, కుడి, కాదు, కుడి. గొంతులో వణుకు ఉంది. జీవితంలో ఎప్పుడూ ఆమె నాన్న గొంతులో ఆ వణుకు వినలేదు, అమ్మ పోయిన రోజు కూడా. పరుగున వెళ్ళి పట్టుకోవాలనిపించింది, పట్టుకుని ఇక చాలు నాన్నా పోదాం పద అనాలనిపించింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాన్న కొస చుట్టూ తిరిగి ఇవతలి దారిలోకి మళ్ళి, ఆమెకి చెయ్యి చాస్తే అందేంత దూరంలోంచి దాటుకుని, అవతలికి నడిచిపోయాడు.

చప్పుడు దూరమయ్యాక ఇద్దరూ మొక్కని గుంటలో దించారు. తోటమాలి కాలితో మట్టి తోశాడు, మొక్క ఒరిగింది, ఆమె రెండు చేతులూ కొమ్మల్లోకి దూర్చి కాండాన్ని పట్టుకుంది. వెళ్ళిపొమ్మని ఆయనకి కళ్ళతో చెప్పింది. నాన్న ఆ చివర తిరిగి గోడకి అటువైపు నుంచి వస్తాడు, తను ఇటువైపు, మధ్యలో ఈ ఎండుమొక్క. ఇది సాయం కాదు. మళ్ళీ మళ్ళీ అనుకుంది, ఇది సాయం కాదు, నేను ఆయన్ని నడిపించడం లేదు, గోడని గోడ చోట పెట్టాను, ఆయన లోపలికి వెళ్ళినప్పుడు ఇది ఇక్కడే ఉంది, ఈ ఎండుకొమ్మల్ని అప్పుడూ తడుముకునే వెళ్ళాడు. మోచేతుల దాకా గీతలు పడి మండుతున్నాయి. చీమ ఒకటి మెడ మీదికి ఎక్కింది. చప్పుడు రావడం లేదు. ఎందుకు రావడం లేదు? కూర్చున్నాడా? పడిపోయాడా? పిలవనా? ఇప్పుడు పిలవనా? చెయ్యి వదిలితే మొక్క పడిపోతుంది, వదలకపోతే అటువైపు నాన్న ఏమయ్యాడో తెలియదు. ఇంకాసేపు, ఇంకొంచెం, ఆ చప్పుడు వినిపించేదాకా.

వచ్చింది. ఎడమచెప్పు. మెల్లగా, చాలా మెల్లగా. పచ్చి ఆకుల మీద చెయ్యి రాసుకుంటూ వస్తున్న చప్పుడు, తర్వాత ఎండు ఆకుల చిటపట. ఆగింది. నాన్న వేళ్ళు కొమ్మల సందులోంచి ఆమె మొహానికి జానెడు దూరంలో కనిపించాయి, ఆకుపసరు అంటి పచ్చబడి, ఒక వేలు మీద నెత్తురు. ఆ వేళ్ళు ఎండుకొమ్మని పట్టుకున్నాయి, కదిపి చూశాయి. ఆమె గట్టిగా పట్టుకుంది. చేతులు వణికితే మొక్క వణుకుతుంది, వణకకూడదు. నాన్న ఊపిరి వినిపిస్తోంది, ఆమె తన ఊపిరిని ఆపేసుకుంది. ఒక్క మాట చాలు. నాన్నా అంటే చాలు. వేళ్ళు ఎండుకొమ్మని వదిలి, పక్కకి జరిగి, వెతుక్కుని, అవతలి పచ్చి ఆకుని అందుకున్నాయి. ఆహా అన్నాడు నాన్న, తనలో తనే. అడుగు పడింది. ఇంకో అడుగు. చప్పుడు ఈసారి ద్వారం వైపు జరుగుతూ పోయింది, వేగం పుంజుకుంది కూడా.

ఇనుప తలుపులోంచి బయటికి ఉరికి, చెప్పులు చేత్తో పట్టుకుని, గోడ చుట్టూ పరిగెత్తి ఆమె బెంచీ చేరేసరికి నాన్న ద్వారం దగ్గర ప్రత్యక్షమయ్యాడు. జుట్టులో ఆకులు, చొక్కా తడిసి ముద్ద, చెయ్యి ఇంకా గాలిలో గోడని వెతుకుతోంది. అమ్మలూ అన్నాడు, ఆమె లేనివైపు చూస్తూ. ఇక్కడ నాన్నా అని వెళ్ళి మోచెయ్యి పట్టుకుంది. పట్టుకోవచ్చు, ఇప్పుడు బయటికొచ్చేశాడు. బెంచీ మీద కూలబడి, ఆమె నోటికందించిన బిస్కెట్లు నీళ్ళతో కలిపి మింగాడు. చేతుల వణుకు తగ్గింది, మొహంలోకి రంగు వచ్చింది.

"పిలవలేదుగా?"

"లేదు నాన్నా."

"ఎవర్నీ లోపలికి పంపలేదుగా?"

"ఎవర్నీ పంపలేదు."

రెండూ నిజమే. గీతలు పడ్డ చేతుల్ని ఆమె చీరకొంగులో చుట్టుకుంది, ఎవరు చూస్తారనో. నాన్న తలాడించాడు, మళ్ళీ ఇంకో బిస్కెట్ అడిగి తీసుకున్నాడు, తినకుండా చేతిలోనే పెట్టుకున్నాడు.

"లోపల ఒకచోట అదే మలుపు మళ్ళీ మళ్ళీ వచ్చింది. నా చెయ్యే నన్ను మోసం చేస్తోందనుకున్నాను. భయమేసింది అమ్మలూ. నీతో చెప్పడానికేం, చాలా భయమేసింది. నువ్వు ఒక్కసారి పిలిస్తే పలికేసేవాణ్ణి, అన్నీ వదిలేసి వచ్చేసేవాణ్ణి. నువ్వు పిలవలేదు." చేతిలోని బిస్కెట్ కొరికాడు. "మంచిపని చేశావు."

ఇప్పుడైనా చెప్పవచ్చు. మొక్క సంగతి చెబితే చాలు, గోడ తెగిందనీ తను పట్టుకుందనీ, నాన్న ఇక ఎక్కడికీ వెళ్ళడు, ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంటాడు. ఆ దీవిలో గోడ తెగితే ఎవరు పట్టుకుంటారు? ఓడ మెట్ల మీద, తడిరాళ్ళ మీద, ఆ చలిలో ఎవరు చూస్తారు? చెప్పాలి, చెప్పెయ్యాలి అనుకుంటూనే ఉంది. నాన్న మాత్రం ఒంటి మీది ఆకులు దులుపుకుంటూ, ఫోను తియ్యి, ఇప్పుడే టికెట్ తీసేద్దాం, ఇంటికెళ్ళి మీ తమ్ముడి గొంతు వింటే నీ మనసు మారిపోతుంది అన్నాడు. నవ్వాడు కూడా, గంట మోగించినప్పుడు ఎలా నవ్వుంటాడో అలా. ఆమె ఫోను తీసింది. తేదీ చెప్పాడు, పెట్టింది. ఎంతమంది అని అడిగింది తెర. వేలు దాని మీద ఆగింది, ఆగి, ఒకటి అని నొక్కింది. ఆ తర్వాత విమానంలోని కుర్చీలన్నీ వరసలుగా తెర మీద పరుచుకున్నాయి, ఏది కావాలో చెప్పమంది.

"కిటికీ పక్కనా నాన్నా?" అంది.

"కిటికీ పక్కనే," అన్నాడు నాన్న, అడగాల్సిన పనేముందన్నట్టు.